తోడేలు సరే, తెల్లారాక వాడి సంగతేంటి?

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మొత్తం చదివేశా. లేటయిందని తిట్టుకోకు, మధ్యలో మా అమ్మాయి పరీక్షలొచ్చిపడ్డాయి. ముందు నచ్చింది చెప్తా. అనంతపురం సైడు ఊరు, గొర్రెల కాపరి కొడుకు, వాడే తోడేలవడం, ఇది సూపర్ పాయింట్‌రా, ఎందుకంటే అక్కడ మందలు మేపేవాళ్ళకి తోడేలంటే సినిమా బొమ్మేం కాదు, రాత్రుళ్ళు నిజంగా నిద్ర పట్టనివ్వని జంతువు. ఇక కంప్లైంట్. పదకొండు ఎటాక్‌లు రాశావ్. లెక్కపెట్టా. ఐదో దానికి నేను లేచెళ్ళి టీ పెట్టుకున్నా.

నా మొదటి దెయ్యం కథలో నేనూ ఇదే చేశాలే, పావుగంటకే దెయ్యం మొహం క్లోజప్‌లో చూపించేశా, ఇంటర్వెల్‌కల్లా జనం దానికి ఈలలేస్తున్నారు. దెయ్యమైనా నయం, బయట్నుంచి వస్తుంది, తలుపేసుకోవచ్చు, తాయెత్తు కట్టుకోవచ్చు. తోడేలు మనిషి కథలో తలుపేసుకుని లోపల కూర్చున్నవాడే ఆ తోడేలు. అందుకే ఈ సినిమాల్లో భయమంతా తెల్లారాక మొదలవ్వాలి, రాత్రి ఏం చేశాడో వాడికి తెలిసిన దగ్గర్నుంచి మళ్ళీ పొద్దుగూకే దాకా.

1941లో వచ్చిన 'ద వోల్ఫ్ మ్యాన్' చూశావా? ఇప్పుడు చూస్తే ఆ మేకప్ నీకు నవ్వొస్తుంది, పర్లేదు నవ్వుకో, కానీ చివరి భాగం జాగ్రత్తగా చూడు. కొడుకు నేనే తోడేలునవుతున్నా మొర్రో అంటే తండ్రి నమ్మడు, అదంతా పిచ్చి భ్రమ అని నిరూపించడానికి కొడుకుని కుర్చీకి కట్టేసి, వేటకెళ్తున్న ఊరోళ్ళతో తనూ బయల్దేరతాడు. అప్పుడు కొడుకు ఒక్కటే బతిమాలతాడు, నాన్నా, ఆ వెండి పిడి కర్ర తీసుకెళ్ళు అని. తండ్రి తీసుకెళ్తాడు. అడవిలో ఆ కర్రతోనే తోడేల్ని కొట్టి చంపుతాడు, చూస్తుండగానే అది కొడుకయిపోతుంది. తనని చంపే ఆయుధం వాడే తండ్రి చేతికిచ్చాడన్నమాట. కర్ట్ సియోడ్‌మాక్ అని హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలేసి వచ్చిన యూదు రచయిత రాశాడది. అందులో తర్వాత చావబోయేవాళ్ళ అరచేతిలో నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, హిట్లర్ మనుషులు యూదుల బట్టల మీద నక్షత్రం గుర్తు కుట్టించారు కదా, అది అతని బుర్రలోకి ఎక్కణ్ణుంచి వచ్చుంటుందో ఒకసారి ఆలోచించు.

ఇంకోటి, పున్నమి రాత్రే మనిషి తోడేలవుతాడన్న రూల్ ఆ సినిమాలో లేనేలేదు తెలుసా. మనిషి ఎప్పుడు తోడేలవుతాడో చెప్పే పద్యం ఒకటుంది అందులో, దాంట్లో శరత్కాలపు వెన్నెల అని ఉంటుందంతే, 1943లో వచ్చిన తర్వాతి భాగంలో దాన్ని నిండు చంద్రుడని మార్చారు. అంటే మనం శాస్త్రమనుకునేదంతా స్క్రిప్ట్ రాసేవాళ్ళు పెట్టిందే చాలావరకు. కాబట్టి నీ స్వామీజీ మూడు పేజీలు శాపం వివరించే సీన్ ఎత్తేయ్.

మారే సీన్ గురించి అడిగావు కదా, 1981 'యాన్ అమెరికన్ వేర్‌వోల్ఫ్ ఇన్ లండన్' చూసి నేర్చుకో. అంతకుముందు ఎక్కువగా చీకట్లోనో పొగలోనో, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ కరిగిస్తూనో దాటేసేవాళ్ళు, ఇక్కడ ట్యూబ్‌లైట్ వేసినట్టున్న హాల్లో, వెనక హాయిగా పాత పాట వస్తుంటే, వాడు తన అరచెయ్యి సాగిపోవడం తనే చూసుకుని అరుస్తాడు. మేకప్ రిక్ బేకర్, ఆస్కార్‌లో మేకప్ కేటగిరీ పెట్టాక మొదటి అవార్డు ఆయనకే. వెంట్రుకలు మొలిచే షాట్ ఎలా తీశారనుకున్నావ్, రబ్బరు చర్మంలోంచి వెంట్రుకల్ని వెనక్కి లాగుతూ తీసి రివర్స్‌లో వేశారు! అదంతా డైరెక్టరూ మేకప్‌వాళ్ళూ చూసుకుంటారు. నువ్వు రాయాల్సింది వాడికి నొప్పెట్టడం.

కానీ నాకు ఆ సినిమాలో బాగా గుర్తుండిపోయింది టెలిఫోన్ బూత్. రాత్రి ఆరుగురు చచ్చారని తెలిశాక వాడు పోలీసు దగ్గరికెళ్ళి నన్ను అరెస్ట్ చెయ్యండి అని రాణీగారిని కూడా తిడతాడు, పోలీసు పట్టించుకోడు. అప్పుడు అమెరికాలో ఇంటికి ఫోన్ చేస్తే చిన్న చెల్లెలు ఎత్తుతుంది, అమ్మానాన్నలంటే నాకిష్టమని చెప్పమంటాడు, ఫోన్ పెట్టేసి చిన్న కత్తితో మణికట్టు కోసుకోబోతాడు, చేతకాదు. అంతే సీన్. తోడేలు లేదు, రక్తం లేదు, నాకైతే ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది.

ఇప్పుడు నీ 41వ పేజీ తియ్. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే వాడి పంటి సందులోంచి ఉన్ని పోగు వస్తుంది. ఒరేయ్, ఇంత మంచి ముక్క రాసి వెంటనే జీప్ ఛేజ్‌కి కట్ చేశావేంట్రా బాబూ! అక్కడే ఆగు. వాడు ఆ పోగు వేళ్ళతో పట్టుకుని చూడనీ. గోడవతల వాళ్ళ నాన్న మంద లెక్కపెడుతుండాలి, ఒకటి తగ్గింది, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతున్నాడు, కొడుక్కి ఆ లెక్క వినిపిస్తోంది. తర్వాత ఆయన కొడుకునే పిలిచి, ఈ రాత్రి నువ్వు మంద దగ్గర పడుకో అనాలి. వాడు సరే అంటాడా, కాదంటే ఏం వంక చెప్తాడు, నాకు తెలీదు, నువ్వే రాయాలి.

ఛేజ్ కావాలంటే చివర్లో ఒకటి ఉంచుకో, నిర్మాతలు అడుగుతారెలాగూ. రెండో డ్రాఫ్ట్ మాత్రం ప్రింట్ తీసి కొరియర్ చెయ్, ఫోన్‌లో పీడీఎఫ్ చదివి చదివి కళ్ళు మండిపోతున్నాయ్.

మీ అన్న