పాత పెట్రోల్ జీపు పికప్‌లో డీజిల్ ఇంజన్: ఏ భాగాలు చేయించాలి, ఏ వరుసలో చేయించాలి?

మీ తాతగారు మిరప బస్తాలు గుంటూరు మార్కెట్‌కు చేరవేసిన 1960ల నాటి పెట్రోల్ జీపు పికప్‌లో, తుక్కుకు పోతున్న మహీంద్రా మార్షల్ జీపు నుంచి తీసిన 2,523 సీసీ డీజిల్ ఇంజన్ ఎక్కించదలచుకున్నారనీ, గేరు బాక్సు మాత్రం పాతదే ఉండాలన్నది మీ కోరిక అనీ వ్రాశారు. ఏయే భాగాలు కొత్తగా చేయించాలో, విజయవాడ ఆటోనగర్‌లో ఎవరిని ఏమని అడగాలో తెలియడం లేదన్నారు. సరిగ్గా ఇదే పని మా మేనమామగారి బండికి నేను దగ్గరుండి చేయించాను. ఒక్కసారితో పూర్తి కాలేదు, రెండుసార్లు చేయించవలసి వచ్చింది. కనుక ఈ సమాధానంలో ఎక్కువ భాగం మొదటిసారి మేము చేసిన తప్పుల గురించే ఉంటుంది.

గ్యాస్ కటర్ వెలిగించే ముందే కాగితాల సంగతి తేల్చుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యే విధంగా యజమాని బండిని మార్చకూడదు. ఇంజన్ మారినా, ఇంధనం మారినా రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. మీ విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధన 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేరింది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో చెప్పుకోదగిన మార్పులు జరగని బండికే అది వర్తిస్తుంది. మీ తాతగారి బండి వయసును బట్టి ఆ వరుసలో నిలబడగలదు, కానీ డీజిల్ ఇంజన్ ఎక్కిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. పాత పెట్రోల్ ఇంజన్ బోరింగ్ చేయించి నిలబెట్టగలిగే స్థితిలో ఉంటే, మీ స్థానంలో నేనైతే దానినే బాగు చేయించుకుంటాను. అది కుదరదని తేలిన తరువాతే మిగిలినది చదవండి.

గేరు బాక్సు పాతదే ఉంచాలన్న మీ నిర్ణయం మంచిదే, కారణం ఇది. గేరు బాక్సు కదలకపోతే దాని వెనుక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె), ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు, గేరు రాడ్డు, ఫ్లోరు రేకు ఏవీ కదలవు. షాఫ్టు కోసి, పొట్టి చేసి, తిరిగి అతికించి బ్యాలెన్సింగ్ చేయించే ఖర్చంతా మిగులుతుంది. అందువల్ల పని వెనుక నుంచి ముందుకు సాగాలి: ముందుగా గేరు బాక్సు తన స్థానంలో గట్టిగా ఉండాలి, దానికి ఇంజన్ జత కావాలి, ఆ తరువాతే ఇంజన్ పునాదులు (ఇంజన్‌ను ఛాసిస్ మీద నిలిపే బ్రాకెట్లు), చివరగా రేడియేటర్. మేము మొదటిసారి దీనికి పూర్తిగా ఎదురు వరుసలో వెళ్ళాము. ఇంజన్‌ను కంటికి నచ్చిన చోట కూర్చోబెట్టి పునాదులు వెల్డింగ్ చేసి, ఆపైన గేరు బాక్సును దానికి అందించడానికి తంటాలు పడ్డాము.

ఇక అసలు భాగం అడాప్టర్ ప్లేటు. ఇంజన్ వెనుక ముఖం మీది బోల్టుల అమరికకూ, పాత బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పుతూ ఇంజన్‌నూ గేరు బాక్సునూ కలిపే గంట ఆకారపు భాగం) అమరికకూ పొంతన ఉండదు కనుక రెండింటి మధ్య ఒక ప్లేటు పెట్టాలి. రెండు వైపులా రంధ్రాలు కలిస్తే చాలని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అట్ట ముక్క మీద రెండు ముఖాల నమూనాలూ గీసుకుని, ఆ అట్టను ఒక లేత్ షాపులో ఇచ్చి, 16 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు పలక కోయించి బిగించాము. బోల్టులన్నీ చక్కగా ఎక్కాయి. బండి కూడా కదిలింది. రెండు నెలల్లోనే గన్నవరం రోడ్డు మీద టాప్ గేరు దానంతట అదే జారిపోవడం మొదలైంది, ఇంకొన్ని వారాలకు క్లచ్ ప్లేటు మధ్య హబ్ పగిలిపోయింది. కొత్త క్లచ్ ప్లేటు వేస్తే అదీ అదే దారి పట్టింది.

తప్పు ఎక్కడుందో చూపించినది ఆటోనగర్‌లోనే ఉన్న ఒక పెద్దాయన, నలభై ఏళ్ళుగా లేత్ మీద పనిచేస్తున్న టర్నర్. రెండవ ప్లేటు కోసం మళ్ళీ అట్టతోనే ఆయన దగ్గరకు వెళితే, "అట్ట నాకెందుకు బాబూ, ఇంజనూ హౌసింగూ రెండూ ఇక్కడికి పట్టుకురండి, సెంటరు చూడాలి" అన్నారు. ఇంజన్ క్రాంక్ షాఫ్టు కేంద్రమూ, గేరు బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కేంద్రమూ ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు అయస్కాంత స్టాండుతో డయల్ గేజి (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) తగిలించి, దాని ముల్లు బెల్ హౌసింగ్ వెనుక ఉండే గుండ్రటి రంధ్రం, అంటే గేరు బాక్సు వచ్చి కూర్చునే రంధ్రం, లోపలి అంచును తాకేలా పెట్టి, క్రాంకును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పారు. ముల్లు మొత్తం 48 థౌ కదిలింది (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). కేంద్రం పక్కకు జరిగిన దూరం అందులో సగం, అంటే 24 థౌ, మిల్లీమీటర్లలో చెప్పాలంటే 0.6. ఉండదగినది మహా అయితే 5 థౌ. తిరిగిన ప్రతి చుట్టులోనూ ఆ షాఫ్టు క్లచ్ హబ్‌ను అటూ ఇటూ వంచుతూనే ఉంది, పగలక ఏమవుతుంది?

బోల్టులు బిగువును మాత్రమే ఇస్తాయి, స్థానాన్ని ఇవ్వవు. బోల్టు రంధ్రం ఎప్పుడూ బోల్టు కన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది కనుక ఆ సందులో ప్లేటు ఎటైనా జరగగలదు. స్థానాన్ని నిలిపేవి డోవెల్ పిన్నులు, అంటే సందు లేకుండా రంధ్రంలో సరిగ్గా పట్టే నున్నటి ఉక్కు చీలలు. అందువల్ల సరైన పద్ధతి ఇది: బోల్టులను వదులుగా బిగించి, డయల్ గేజి చూస్తూ, హౌసింగ్‌ను చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ కేంద్రంలోకి తెచ్చి, బోల్టులు బిగించి, మరొకసారి గేజి తిప్పి చూసి, అప్పుడు మాత్రమే రెండు డోవెల్ రంధ్రాలు తొలిచి, వాటిని సరైన కొలతకు నునుపు చేసే రీమరు వేయించాలి. గేజి ముల్లును హౌసింగ్ వెనుక ముఖం మీద కూడా ఆనించి తిప్పి చూడండి, ఎందుకంటే గ్యాస్‌తో కోసిన పలక వేడికి మెలి తిరుగుతుంది. మా రెండవ పలకను కోసిన తరువాత రెండు వైపులా సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాము. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

ప్లేటు మందం కూడా లెక్కలోనిదే. 16 మిల్లీమీటర్ల పలక మధ్యలో చేరిందంటే ఇంజన్‌కూ గేరు బాక్సుకూ మధ్య దూరం అంత పెరిగినట్లే, అంటే ఇన్‌పుట్ షాఫ్టు కొస క్రాంకులోని పైలట్ బుష్‌లోకి (ఆ కొసకు ఆధారమిచ్చే గొట్టంలాంటి చిన్న భాగం) అంత తక్కువగా దిగుతుంది. మాకు కొస అంచు మాత్రమే అందింది. గన్‌మెటల్‌తో మెట్టు ఉన్న పొడవైన బుష్ తిప్పించి క్రాంకు రంధ్రంలో బిగింపుగా కొట్టించాము. షాఫ్టు కొసకు మాత్రం అది చేతి వేళ్ళతో నెట్టితే దిగేంత వదులుగా ఉండాలి. క్లచ్ ప్లేటు ఇంజన్‌కు సరిపోయే వ్యాసంలో, గేరు బాక్సు షాఫ్టుకు సరిపోయే పళ్ళతో కావాలి కనుక, ఒక ప్లేటులోని హబ్ తీసి ఇంకొకదానికి రివెట్ చేయించవలసి రావచ్చు. ఈ పని క్లచ్ ప్లేట్లు రీకండిషన్ చేసేవారి చేతనే చేయించండి, మామూలు వెల్డింగ్ షాపులో వద్దు.

ప్లేటు కుదిరాక ఇంజన్‌ను గేరు బాక్సుకు బిగించి, ముందు భాగాన్ని చైన్ బ్లాకుకు వేలాడదీసి ఉంచండి. పునాదులకు కొలతలు ఆ స్థితిలోనే తీయాలి. 6 మిల్లీమీటర్ల పలకతో బ్రాకెట్లు కోసి, టాక్ వెల్డింగ్ (తాత్కాలికంగా నిలిపే చుక్కల వెల్డింగ్) మాత్రం వేసి, ఇంజన్ దించి, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయించండి. ఛాసిస్ పట్టీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ వేయించవద్దు. బ్రాకెట్ పలక చివరలను కోసుగా, వజ్రం ఆకారంలో కోసి, ఏటవాలుగా అతికిస్తే బరువు ఒక్కచోట పడదు. ఇంజన్‌కూ బ్రాకెట్లకూ మధ్య వణుకును ఆపే రబ్బర్లుగా మేము మొదట ఒక లారీవి వేశాము. అవి ఎంత గట్టివంటే, ఇంజన్ నడుస్తూ బండి నిలబడి ఉన్నప్పుడు వణుకుకు పక్క అద్దంలో వెనుక వస్తున్న బస్సు కూడా ఆనేది కాదు. మూడు నెలలకు వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. నాలుగు సిలిండర్ల డీజిల్ తక్కువ వేగంలో ఎక్కువగా వణుకుతుంది కనుక, ఆ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన రబ్బర్లనే కొనండి, బ్రాకెట్లను వాటికి తగినట్లుగా చేయించండి.

మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఇంజన్ సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ముందు యాక్సిల్ గుండును, అంటే డిఫరెన్షియల్‌ను, తాకే ప్రమాదం ఉంది. మేము గుండు మీద బంకమట్టి ముద్ద పెట్టి, ముందు భాగాన్ని బరువులతో అణిచి, మట్టి ఎంత నలిగిందో చూశాము. వేలు మందం కూడా మిగలలేదు. సంప్‌ను ఆ చోట కోసి లోపలికి నొక్కి బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించాము, లోపలి ఆయిల్ పైపును కూడా దానికి తగినట్లు వంచవలసి వచ్చింది. అలా కోయించిన సంప్‌లో ఒక రాత్రంతా కిరోసిన్ పోసి ఉంచి, బయట సుద్ద పూసి చూడండి. చెమ్మ దిగితే సుద్ద రంగు మారుతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. డీజిల్ ఇంజన్ బరువుకు ముందు కమాన్ కట్టలో ఒక పట్టీ పెంచాలి. మీ బండి వైపర్లు ఇంజన్ పీల్పుతో నడిచే పాత రకమైతే డీజిల్‌తో అవి ఆగిపోతాయి, ఎలక్ట్రిక్ మోటారు పెట్టించండి. విద్యుత్తు 6 వోల్టులదైతే మొత్తం 12కు మార్చాలి. రేడియేటర్‌కు ఫ్యాను చుట్టూ రేకు కవరు చేయించకుండా మే నెలలో బెంజి సర్కిల్ దాటాలనుకోవద్దు. పాత జీపు యాక్సిల్‌లో తరచుగా క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 ఉంటాయి, అంటే సుమారు 5.38 నిష్పత్తి, 6.00-16 టైర్లతో, ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు, టాప్ గేరులో బండి గంటకు దాదాపు 76 కిలోమీటర్ల వేగం వద్దే ఆగిపోతుంది. పొలానికీ మార్కెట్‌కూ అది చాలు, హైదరాబాదు ప్రయాణాలకు చాలదు.

ఒక్క పని మాత్రం ఏ షాపులోనూ తొందరపెట్టి చేయించవద్దు. డీజిల్ పంపు నుంచి మిగులు నూనె తిరిగి రావడానికి ట్యాంకుకు రెండవ పైపు అతకాలి, అది ఇన్నేళ్ళూ పెట్రోలు ఉన్న ట్యాంకు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. మేము ట్యాంకు విప్పి, వేడి సబ్బు నీళ్ళతో పలుమార్లు కడిగి, అతకవలసిన చోటు వరకూ నీళ్ళు నింపి ఉంచాకే బ్రేజింగ్ చేయించాము.

మీ గేరు బాక్సు మూడు గేర్లదా, నాలుగు గేర్లదా, ఇన్‌పుట్ షాఫ్టుకు ఎన్ని పళ్ళున్నాయి, కొస వ్యాసం ఎంత అన్నవి వ్రాస్తే, పైలట్ బుష్‌కూ క్లచ్ హబ్‌కూ కావలసిన కొలతల లెక్క ఇక్కడే వేసి చూపిస్తాను.