క్యాన్సర్ ‘సోకుతుందా’, ‘వస్తుందా’?

సందేహం: ‘నోటి క్యాన్సర్ సోకి మహిళ మృతి’ అని పేపర్లో చదివాను. కరోనా సోకినట్టు క్యాన్సర్ కూడా సోకుతుందా? ‘వచ్చింది’ అంటే తప్పా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: తప్పు కాదమ్మా, మీరన్న ‘వచ్చింది’ అనే మాటే సరైనది. సోకడం అంటే తగలడం, తాకడం. ఎండ సోకింది, చల్లగాలి సోకింది అంటాం. బయటిదేదో వచ్చి ఒంటికి తగిలితేనే ఆ మాట. అందుకే కలరా, కరోనా సోకుతాయి. క్యాన్సర్ అలా కాదు. మన ఒంట్లోని కణమే, జన్యువుల్లో మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, అదుపు తప్పి పెరుగుతుంది. అందుకు చాలాసార్లు ఏళ్లు పడుతుంది. పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు.

ఇది పండితుల పట్టింపు అనుకోకండి. భీమిలి దగ్గర మా ఊళ్లో ఒక మామ్మకి నోటి క్యాన్సర్ వస్తే, ఇంట్లోవాళ్లు ఆవిడ స్టీలు గ్లాసుకి ఎర్రదారం కట్టి గట్టు మీద విడిగా పెట్టారు. మనవణ్ని ఒళ్లో కూర్చోనివ్వలేదు. ‘సోకుతుందట’ అన్నదే వాళ్ల టెన్షన్. ఆ మాట వాళ్లకి ఎక్కించింది రాసేవాళ్లమే, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మామ్మకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. అడ్డపొగకీ అంగిటి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద మన ఉత్తరాంధ్రలో దశాబ్దాల కిందటే పరిశోధనలు జరిగాయి. ఏళ్ల తరబడి పొగ సోకింది, క్యాన్సర్ వచ్చింది. ఆ అలవాటు మానిపించడమే నివారణ, గ్లాసు వేరు చెయ్యడం కాదు.

ఒక్క చిక్కుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరసే మూలం. అది కనిపెట్టినందుకే హారాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వైరస్ సోకే మాట నిజమే. కానీ చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోకుండా ఉండిపోతేనే ముప్పు. కాబట్టి ‘వైరస్ సోకకుండా, క్యాన్సర్ రాకుండా టీకా’ అనాలి.

ముదిరినప్పుడు జనం ‘లివర్‌కి పాకింది’ అంటారు. ఎంత సరిగ్గా పడిందో చూడండి! లాటిన్‌లో క్యాన్సర్ అంటే పీత. కణితి చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్లలా ఉన్నాయని పూర్వం గ్రీకు వైద్యులు తమ భాషలో పీత పేరే పెట్టారు. పాకడం ఒకే ఒంట్లో జరిగేది, దానితో పేచీ లేదు.

మీరు చదివిన వార్తకి ‘నోటి క్యాన్సర్‌తో మహిళ మృతి’ అని పెడితే సరిపోయేది. ఒక మాట తగ్గేది కూడా.