కాలువ నీళ్లున్న ఇల్లు కొనే ముందు

చి. శ్రావణికి,

ఆశీస్సులు. కొలరాడోలో లాంగ్‌మాంట్ ఊరి దగ్గర మీరు చూసిన ఇంటి ఫొటోలు అందాయి. పెరటి చివర కాలువ పారుతోందని, ఇంటితో పాటు ఇరిగేషన్ వాటర్ కూడా వస్తుందని ఏజెంట్ రాశాడని, ఇక తోటకి నీళ్ల బెంగ లేదని మురిసిపోయావు. ఆ ఒక్క ముక్క నమ్మి సంతకం పెట్టకమ్మా.

మన డెల్టాలో ఆయకట్టు భూమి కొంటే నీళ్లు భూమి వెంటే వస్తాయి, తీరువా కడితే సరిపోతుంది. కొలరాడోలో అలా కాదు. ఇక్కడ నీటి హక్కు విడి ఆస్తి. ఇల్లు ఒకరికి, నీళ్లు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పెరట్లోంచి కాలువ పోతున్నంత మాత్రాన అందులో చెంబెడు నీళ్లు కూడా నీవి కావు. ఒడ్డున ఉన్నవాడిదే నీరు అనే వాదాన్ని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1882లోనే కొట్టేసింది. ఆ తగాదా నడిచింది కూడా మీరు చూసిన ఇంటి చుట్టుపక్కలే, సెయింట్ వ్రెయిన్ అనే ఏటి నీళ్ల మీద.

ముందు తేల్చుకోవాల్సింది, వాళ్లు ఇస్తామంటున్నది కాలువ కంపెనీ (కాలువని నడుపుతూ వాటాదార్లకి నీళ్లు పంచే సంస్థ) షేర్లా, లేక సొంత పేరున కోర్టు డిక్రీ ఉన్న హక్కా అని. ఇళ్ల స్థలాలకి చాలావరకు షేర్లే ఉంటాయి. షేర్లే అయితే వాటి కాగితం, అంటే స్టాక్ సర్టిఫికెట్, చూపించమను. జిరాక్సు కాదు, అసలుది. దాని మీద కంపెనీ పేరు, నంబరు, ఎన్ని షేర్లు, ఎవరి పేరున అన్నది ఉంటుంది. ఇంకొకరికి బదిలీ చేసేటప్పుడు సంతకం పెట్టే చోటు చాలావాటికి వెనకవైపు ఉంటుంది, తిప్పి చూడు. నేను చూసిన ఒకదాని మీద ఎప్పుడో పోయిన పెద్దాయన పేరే ఉంది. అమ్మేవాళ్లు ఆయన మనవలు. అలాంటిది తేలడానికి నెలలు పడుతుంది. కొన్నిసార్లు సర్టిఫికెట్ బ్యాంకులో తాకట్టులో కూడా ఉంటుంది.

తర్వాత కంపెనీ సెక్రటరీకి ఫోన్ చెయ్యి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది ఈ ఒక్క ఫోనే. వాళ్ల పుస్తకంలో ఆ షేర్లు ఎవరి పేరున ఉన్నాయి, కాలువ ఖర్చులకి ఏటా కట్టే అసెస్‌మెంట్ ఎంత, బాకీ ఏమైనా ఉందా, బదిలీకి బోర్డు షరతులేమిటి అని అడుగు. బాకీలు పేరుకుంటే కంపెనీ ఆ షేర్లను అమ్మేసే ప్రమాదం కూడా ఉంది. ఒక షేరుకి మంచి ఏడాదిలో ఎంత నీరొచ్చింది, కరువు ఏడాదిలో ఎంతొచ్చింది అన్నది విడివిడిగా అడుగు. సగటు చెప్తే ఒప్పుకోకు.

ఇంటి హక్కులో లోపం తేలితే ఆదుకునే టైటిల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటావేమో. మామూలుగా వాళ్లు నీటి హక్కుల్ని కవరేజీలోంచి తీసేస్తారు. కాబట్టి కౌంటీ రికార్డర్ ఆఫీసులో పాత దస్తావేజులు ఒక్కొక్కటే వెనక్కి చదువుకుంటూ పో. ఎవరైనా నీళ్లు తన దగ్గరే ఉంచుకుని భూమి మాత్రం అమ్మాడేమో, నీటికి విడిగా క్విట్‌క్లెయిమ్ (తనకున్న హక్కు వదిలేస్తూ ఇచ్చే దస్తావేజు) రాశాడేమో చూడు. దస్తావేజులో నీళ్ల ఊసే లేకపోతే అప్పట్లో వాళ్ల ఉద్దేశమేమిటన్నది కోర్టు తేల్చాలి. అది లాయర్లకు పండగ. మీ కాంట్రాక్టు ఫారంలో నీటి హక్కులకి ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. కాలువ పేరు, సర్టిఫికెట్ నంబరు, షేర్ల సంఖ్య అందులో రాయించు.

కాలువ ఎంత పాతదో రాష్ట్ర జలవనరుల విభాగం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆ విభాగం లెక్కలో మీ ప్రాంతం డివిజన్ 1, ఆఫీసు గ్రీలీ ఊళ్లో. కాలువ పేరు కొడితే డిక్రీ తేదీలు, సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు, ఏ పనికి వాడుకోవచ్చు, ఏ ఏడాది ఎంత మళ్లించారు, అన్నీ వస్తాయి. ఒక ఘనపుటడుగంటే నిమిషానికి దాదాపు 449 గ్యాలన్లు. పాత హక్కుకే ముందు నీళ్లు: నది తగ్గినప్పుడు 1860ల హక్కున్న కాలువకి నీళ్లందాకే 1880ల కాలువ వంతు. అందుకే ఏప్రిల్ లెక్కలు కాదు, ఆగస్టు లెక్కలు చూడు. డిక్రీలో ఇరిగేషన్ అని మాత్రమే ఉంటే వంటింటికి ఆ నీళ్లు వాడకూడదు. షేర్లు కాక సొంత హక్కయితే ఇంకొకటి కూడా చూడాలి: పదేళ్లు వాడకపోతే వదిలేసినట్టు భావించే నిబంధన ఉంది. డివిజన్ ఇంజనీరు పదేళ్లకోసారి అలాంటివాటి జాబితా వేస్తాడు, 2020లో ఒకటి వచ్చింది.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నీళ్లు పెరట్లోకి రాకపోవచ్చు. చాలాచోట్ల కంపెనీ బాధ్యత పెద్ద కాలువ తూము దాకానే. అక్కడి నుంచి పిల్లకాలువ ఇరుగుపొరుగు వాళ్లదే. మన లస్కరులాంటి ఆయన ఒకరు ఉంటారు, డిచ్ రైడర్ అంటారు. ఆయనతో కలిసి తూము నుంచి మీ స్థలం దాకా నడిచి చూడు. మధ్యలో ఎవరో బోదె పూడ్చి గడ్డి వేసి ఉండొచ్చు.

కంపెనీవాళ్లు మీ పెరట్లోకి వచ్చి కాలువ పూడిక తీసే హక్కు కూడా ఉంటుంది. ఆ గట్టు మీద షెడ్డు వేద్దామనుకుంటే మానుకో. కాలువని పక్కకి జరపాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, లేదంటే కోర్టుకెళ్లాలి.

షేర్లు లేవని తేలితే ఇల్లు వదులుకోమని కాదు నేననేది. నీళ్ల పేరు చెప్పి పెంచిన ధర తగ్గించమను. తోటకి ఊరి కుళాయి నీళ్లు వాడుకోవచ్చు, బిల్లు కాస్త ఎక్కువొస్తుందంతే.

క్లోజింగ్, అంటే డబ్బు కట్టి ఇల్లు రాయించుకునే రోజు, దగ్గర పడిందన్నావు. చిన్న కంపెనీల్లో సెక్రటరీలు పార్ట్‌టైమే, ఫోన్ ఒక పట్టాన ఎత్తరు. రేపు పొద్దున్నే మొదలుపెట్టు. సర్టిఫికెట్ ఫొటో రెండువైపులా తీసి వాట్సాప్‌లో పంపు. డిక్రీ తేదీలు నేను చూసి చెప్తాను.

మీ పెదనాన్న