‘మా పరిధి కాదు’ అంటే ఏం చేయాలి?

ఈ నెల ఉత్తరాలన్నీ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులవి. ఇంట్లో హింస పడలేక బయటికొచ్చినవాళ్లకీ, పని ఆశ చూపి ఎవరో తరలించుకుపోతే తిరిగొచ్చిన పిల్లలకీ తోడు నిలబడుతున్న వాలంటీర్లు రాశారు. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు తీసేశాం.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో ఒకావిడ కూతుర్ని పాతపట్నం వైపు ఇచ్చారు. దెబ్బలకు ఓర్చుకోలేక ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇక్కడి థానాలో ‘గొడవ జరిగింది ఆంధ్రాలో, అక్కడే పెట్టుకోండి’ అంటున్నారు. అక్కడికి వెళ్లాలంటే పిల్ల వణికిపోతోంది. సంఘం తరఫున నేనే కేసు పెట్టొచ్చా?
— సంఘ సభ్యురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందుగా ఆమెకు ఈ మాట చెప్పండి: అక్కడికి వెళ్లక్కర్లేదు.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది 2005 నాటి గృహహింస చట్టం. దాని 27వ సెక్షను ప్రకారం ఆమె ప్రస్తుతం ఎక్కడ ఉంటోందో, అది తాత్కాలికంగానైనా సరే, అక్కడి మేజిస్ట్రేటుకు కేసు వినే అధికారం ఉంది. పుట్టింట్లో ఉంటోంది కాబట్టి మీ ఊరి కోర్టు చాలు. ఆ కోర్టు ఇచ్చే ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. ఈ చట్టం కింద రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. మీరూ ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు మీ మీద ఏ బాధ్యతా పడదని చట్టంలోనే రాసి ఉంది.

రెండోది పోలీసు కేసు. భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసకు సంబంధించిన పాత ఐపీసీ 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. ఈ కేసులో ఫిర్యాదు ఆమె ఇవ్వాలి, లేదా రక్తసంబంధం, పెళ్లి, దత్తత వల్ల ఆమెకు బంధువైనవాళ్లు ఇవ్వాలి. సంఘం పేరు మీద మీరు రాసిచ్చిన కాగితం ఇక్కడ పనికిరాదు. చాలా ఫిర్యాదులు నిలిచిపోయేది ఈ కారణంగానే. తల్లి చేత గానీ ఆమె చేత గానీ సంతకం చేయించండి. పరిధి సంగతికొస్తే, అత్తింటి హింస తట్టుకోలేక వచ్చి తలదాచుకున్న చోట కూడా ఈ కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో తేల్చింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను కూడా నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలనే అంటోంది. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. ఐఐసి (థానా ఇన్‌చార్జి ఇన్‌స్పెక్టరు) గారు కాదంటే వాదన పెంచకండి. అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి ఉంటుంది. అప్పుడు ఆ రసీదు అక్కరకొస్తుంది.

ఫిర్యాదు ఎలా రాస్తామన్నది మరీ ముఖ్యం. ‘రోజూ కొడుతున్నాడు, కట్నం అడుగుతున్నాడు’ అని రెండు ముక్కల్లో రాస్తే కోర్టులో నిలవదు. మొదటిసారి జరిగింది, అన్నిటికంటే ఘోరంగా జరిగింది, చివరిసారి జరిగింది, ఈ మూడింటినైనా విడివిడిగా రాయించండి. తేదీ గుర్తులేకపోతే ‘పెద్దపండక్కి ముందు మంగళవారం’, ‘చిన్నోడికి టీకా వేయించిన మర్నాడు’ అన్నా ఫరవాలేదు. దేనితో కొట్టాడు, ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు, ఏ ఆసుపత్రికి వెళ్లారు, అక్కడ ఏమని చెప్పారు. భయంతో ‘మెట్ల మీంచి పడ్డాను’ అని చెప్పి ఉంటే దాన్నీ దాచకుండా, ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో రాయాలి. లేకపోతే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది ఆ ఆసుపత్రి చీటీనే.

ఇక భాష. ఎఫ్‌ఐఆర్ ఒడియాలో రాస్తారు. ఆమెకు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. సంతకానికి ముందు చదివి వినిపించాలని చట్టమే చెబుతోంది. ఒడియా చదవగలిగిన మనిషిని మీరు వెంట తీసుకెళ్లండి. ‘తోశాడు’, ‘గొంతు నులిమాడు’ అనే రెండు మాటల మధ్య తేడా రాతలో పోతే కేసే మారిపోతుంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అది చేతికొచ్చేదాకా థానా వదలకండి.

గృహహింస దరఖాస్తును మేజిస్ట్రేటు మామూలుగా 3 రోజుల్లో మొదటిసారి వినాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నిజానికి నెలలు పడుతుంది. సరిహద్దు కేసుల్లో ఆలస్యానికి పెద్ద కారణం అతనికి నోటీసు అందకపోవడమే. ఊరి పేరు ఒక్కటీ రాస్తే నోటీసు తిరిగొస్తుంది. వీధి, ఇంటి ఆనవాలు, పనిచేసే చోటు, ఫోన్ నంబరు అన్నీ ఇవ్వండి. దరఖాస్తుతోపాటే 23వ సెక్షను కింద తాత్కాలిక ఉత్తర్వు అడిగి, దానికి కావాల్సిన ప్రమాణపత్రం జతచేయమని లాయరుకు చెప్పండి. అలా అడిగితే అతను రాకముందే రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు రావచ్చు. ఆ ఉత్తర్వును అతను మీరితే అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం. ఏడాది జైలు, 20,000 రూపాయల జరిమానా దాకా పడొచ్చు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేసి, తెలుగు తెలిసిన లాయరును అడగండి.

ప్రశ్న: రాయగడ స్టేషన్‌లో ఒకతని వెంట నలుగురు ఆడపిల్లలు కనిపించారు. తమిళనాడులో మిల్లు పనికన్నాడు. పిల్లలూ అదే అన్నారు. అనుమానం ఉన్నా ఏం చేయాలో తోచక ఊరుకున్నాం. మళ్లీ కనిపిస్తే?
— యువజన సంఘం కుర్రాళ్లు

జవాబు: పనికి వెళ్లే ప్రతి బృందాన్నీ ఆపేయకూడదు. పెద్దవాళ్లకు ఎక్కడికైనా వెళ్లి పనిచేసుకునే హక్కుంది. వాళ్లను రైలు దింపేస్తే ఆ నెల కూలి మన వల్ల పోతుంది. చూడాల్సిన గుర్తులు వేరు. అందరి ఆధార్ కార్డులూ ఒక్కడి జేబులో ఉంటాయి. దిగే స్టేషన్ పేరు పిల్లలకు తెలియదు. వయసు అడగ్గానే అందరూ ఒకే గొంతుతో ‘పద్దెనిమిది’ అంటారు. ఇంటి దగ్గర సర్దార్ (కూలీలను కుదిర్చే మేస్త్రీ) అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. ఇలాంటివి రెండు మూడు కలిస్తే కదలండి.

అతన్ని నిలదీయొద్దు, చుట్టుముట్టొద్దు. అలా చేస్తే పిల్లల్ని మరో డబ్బాలోకి మార్చేస్తాడు, లేదా తర్వాతి స్టేషన్‌లో దింపేస్తాడు. ఒకరు అక్కడే మామూలుగా నిలబడి చూస్తూ ఉండాలి. ఇంకొకరు ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) పోస్టుకు వెళ్లాలి, 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) గానీ 139కి (రైల్వే) గానీ 112కి (అత్యవసరం) గానీ ఫోన్ చేయాలి. రైలు నంబరు, ప్లాట్‌ఫారం, బోగీ, ఎంతమంది, ఏ రంగు బట్టలు, ఈ వరసలో చెప్పండి. రైలు కదిలిపోయినా బోగీ నంబరుంటే ముందు స్టేషన్‌లో పట్టుకోగలరు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఆ పిల్లల ముఖాలు ఊరంతా తిరుగుతాయి.

‘పిల్లలే ఇష్టపడి వెళ్తున్నారు’ అన్న మాటకు చట్టంలో విలువ లేదు. న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారం మోసంతో, బలవంతంతో, డబ్బు ఎరతో దోపిడీకి తరలిస్తే బాధితుల ఒప్పుదల లెక్కలోకి రాదు. పిల్లలైతే శిక్ష పదేళ్లకు తగ్గదు. ఈ సెక్షను కింద సమాచారం నమోదు చేయని పోలీసు అధికారికీ శిక్ష ఉంది. వయసు తేలాలంటే మొదట బడి రికార్డు, తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన పత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. ఆధార్‌లో వేసిన పుట్టినతేదీతో వయసు రుజువు కాదు.

మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది దీని తర్వాత. పిల్లల్ని 24 గంటల్లో శిశు సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. అది లేకుండా ఆ రాత్రే తల్లిదండ్రుల చేతికి అప్పగిస్తే నెల తిరక్కుండా అదే సర్దార్ మళ్లీ తీసుకెళ్తాడు. అడ్వాన్సు అప్పు ఆ ఇంటి మీద అలాగే ఉంటుంది కాబట్టి. అందుకే అడ్వాన్సు సంగతి సమితి ముందు తప్పకుండా చెప్పించండి.

ఇటుక బట్టీలకు దాదన్ (అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లే కూలి) కింద వెళ్లి తిరిగొచ్చినవాళ్ల విషయంలోనూ ఇదే మాట. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పును రద్దు చేసింది. తీర్చాల్సిన పని లేదు. కానీ విడుదల పత్రం ఉండాలి. అది కలెక్టర్ గానీ సబ్ కలెక్టర్ గానీ ఇస్తారు. దాంతో తక్షణ సాయంగా 30,000 దాకా, తర్వాత పునరావాసంగా పెద్దవాళ్లయిన మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా లాంటి ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు వచ్చే కేంద్ర పథకం ఉంది. పత్రం ఇవ్వకుండా రైలెక్కించి పంపేస్తే ఈ డబ్బు ఆగిపోతుంది. విడిపించిన చోటే, ఆ రోజే అడగాలి. ఇప్పటికే ఇంటికి చేరి ఉంటే అక్కడి కలెక్టర్‌కూ ఇక్కడి కలెక్టర్‌కూ ఇద్దరికీ రాయండి.

ప్రశ్న: పదిహేడేళ్ల అమ్మాయి ఆరు నెలల తర్వాత ఇల్లు చేరింది. మాట్లాడదు, రాత్రిళ్లు నిద్రపోదు. తల్లి ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయి’ అని నన్ను పట్టుకుంది. ఊళ్లో ఎవరో వీడియో తీయడానికి కూడా వచ్చారు.
— అంగన్‌వాడీ కార్యకర్త, కొరాపుట్ జిల్లా

జవాబు: ఆ ఒట్టు వేయకండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం చెబుతోంది. ఒట్టేసి తర్వాత చెబితే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు. ‘సాయం చేసేవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను. ఎవరికి చెప్పే ముందైనా నీకు చెబుతాను’ అనండి. అంత మాటే ఇవ్వండి, అది నిలబెట్టుకోండి.

ఏం జరిగిందో మీరు అడగొద్దు. ప్రతి ఒక్కరూ ఒక్కోసారి అడగడం వల్ల ఆమె ఆ నరకం మళ్లీ మళ్లీ పడాల్సి వస్తుంది. పైగా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా వచ్చిన మాటల్ని కోర్టులో ఆమె మీదికే తిప్పుతారు. దర్యాప్తు దశలో మహిళా అధికారి ముందు, తర్వాత మేజిస్ట్రేటు ముందు చెబితే చాలు. ఆ రోజు కడుపునిండా తిని వెళ్లేలా, తెలిసిన మనిషి పక్కనుండేలా చూడండి. తెలుగులోనో కువి అనే గిరిజన భాషలోనో చెప్పేదాన్ని ఒడియాలోకి మార్చే దుబాసీని ముందే అడగండి. పోక్సో నియమాల కింద కేసు పొడవునా తోడుండే సహాయక వ్యక్తిని శిశు సంక్షేమ సమితి నియమించాలి. అదీ అడగండి.

ఆసుపత్రికి వెళ్లడం కేసు కోసమే అనుకోకండి. నేరం జరిగి 72 గంటల్లోపైతే హెచ్‌ఐవీ రాకుండా మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఈ అమ్మాయి విషయంలో ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు. అయినా గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ, ఇతర సుఖవ్యాధుల పరీక్షలు, టీబీ, రక్తహీనత చూపించాలి. గర్భమైతే రోజులు లెక్కపెట్టుకోవాలి. మైనర్లకు చట్టం ఇచ్చిన హద్దు 24 వారాలు. ఆలస్యమైతే హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇలాంటి కేసుల్లో చికిత్స ఉచితం. ప్రైవేటు ఆసుపత్రి కూడా కాదనడానికి లేదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ను సుప్రీంకోర్టు నిషేధించింది. ఎవరైనా చేయబోతే అడ్డుచెప్పండి.

వీడియోవాళ్లకు ఒకటే జవాబు: ఆమె పేరు, ముఖం, ఊరు, బడి, తల్లిదండ్రులు, గుర్తుపట్టించే ఏ వివరమైనా బయటపెట్టడం నేరం. ఇల్లు చూపించినా నేరమే. ఊళ్లో పెద్దమనిషితో ఈ మాట చెప్పించండి.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది కూడా ఉంది. ‘పోనీలే, మర్చిపో’ అనొద్దు. గదిలో పెట్టి గడియ వేయొద్దు. పరువు పేరుతో హడావిడిగా పెళ్లి చేయడం అసలు వద్దు. రాత్రి దీపం ఉంచండి. ఎవరి పక్కన పడుకుంటావని అడగండి. చిన్న పనుల్లో ఆమె మాటే చెల్లనివ్వండి, ఏ కూర వండాలన్నది కూడా. ఇంతకాలం దేనికీ ఆమె ఇష్టం అడిగినవాళ్లు లేరు. నిద్రలేమి వారాల తరబడి సాగినా, చనిపోవాలని ఉందన్నా మానసిక సాయం అందించే టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. కేసు ముగియకముందే కొంత సొమ్ము ఇచ్చే వీలుంది.

ప్రశ్న: కొట్టే భర్త దగ్గర్నుంచి ఒకావిడను మూడుసార్లు బయటికి తెచ్చాం, మూడుసార్లూ అతని దగ్గరికే వెళ్లింది. ఇంక వదిలేద్దామనిపిస్తోంది.
— బరంపురం

జవాబు: వదిలేయకండి. డబ్బు, పిల్లలు, బెదిరింపు, కాస్త ఆశ, వెనక్కి లాగేవి ఇన్నుంటాయి. మీరు విసుక్కుంటే నాలుగోసారి మీకు చెప్పకుండా ఉంటుంది. అతనికి కావాల్సింది అదే.

ఆమె ఆ ఇంట్లోనే ఉంటే ప్రాణం కాపాడే ఏర్పాటు చూడండి. గొంతు నులిమాడా, చంపుతానన్నాడా, కత్తో గొడ్డలో చేతికి తీసుకున్నాడా, కడుపుతో ఉండగా కొట్టాడా, ఈమధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా అని అడగండి. వీటిలో గొంతు నులమడాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పైకి మచ్చ లేకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతిని ఒకటి రెండు రోజుల తర్వాత ప్రమాదం రావచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, కళ్లలో ఎర్రటి చుక్కలు కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇల్లు వదిలే రోజు, ఆ తర్వాతి రోజులు అన్నిటికంటే ప్రమాదమైనవి. వెళ్లిపోతున్నానని అతనితో చెప్పొద్దనండి.

ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన పత్రాలు, మందుల చీటీలు, పెళ్లి ఫొటో ఒకటి సంచిలో పెట్టి నమ్మకమైన ఇంట్లో ఉంచాలి. నగల జాబితా కూడా. గొడవ మొదలైతే వంటగదిలోకి పోకూడదు, కత్తులూ పొయ్యీ ఉండేది అక్కడే. పక్కింటివాళ్లతో ఒక గుర్తు అనుకోవాలి. ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైసెస్, గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్ చూడండి. కానీ ఒక్కసారే అన్నీ ఆపేస్తే అతనికి తెలిసిపోతుంది. ముఖ్యమైన కాల్స్ వేరేవాళ్ల ఫోన్‌తో చేయడం మేలు. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. ఆమె ఆధార్‌కూ బ్యాంకుకూ అతని నంబరే ఉంటుంది, ఓటీపీ అతనికి వెళ్తుంది. బయటికొచ్చిన వారంలోనే ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు మార్పించండి. దానికి పాత నంబరు అక్కర్లేదు.

ప్రశ్న: ఇలాంటివాళ్లను మా ఇంట్లోనే ఉంచుకోవచ్చా?
— గుణుపురం

జవాబు: మీ మంచితనానికి దండం, కానీ వద్దు. అతను వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తాడు. మీ పిల్లలూ ఉంటారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. జిల్లా సఖి కేంద్రంలో 5 రోజులు ఉండొచ్చు, తర్వాత శక్తి సదన్‌కు (ఆడవాళ్ల ఆశ్రయ గృహం) పంపుతారు. కాస్త ఎదిగిన మగపిల్లలుంటే చేర్చుకుంటారో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. గుమ్మం దగ్గర తల్లినీ కొడుకునీ విడదీయాల్సి వస్తే ఆమె ఆ రాత్రే వెనక్కి వెళ్లిపోతుంది.

ప్రశ్న: తల్లితో వచ్చేసిన పిల్లల్ని టీసీ లేదని ఇక్కడి బడిలో చేర్చుకోవడం లేదు. తండ్రి టీసీ తేనివ్వడు.
— పర్లాకిమిడి

జవాబు: విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. వయసు పత్రం లేకపోయినా అంతే. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసి, హెడ్‌మాస్టరు ముద్ర వేయించుకున్న కాపీ ఉంచుకోండి. కాదంటే అదే కాగితం బ్లాక్ విద్యాధికారికి ఇవ్వండి. తండ్రి వచ్చి అడిగినా కోర్టు ఉత్తర్వు లేకుండా పిల్లల్ని పంపొద్దని, ఎవరెవరు తీసుకెళ్లొచ్చో పేర్లతో రాసివ్వండి. తెలుగు బడి నుంచి ఒడియా బడికి మారే పిల్లలకు మొదటి నెల సాయంత్రం ఒక గంట అక్షరాలు నేర్పేవాళ్లు మీ సంఘంలో ఎవరున్నారో చూడండి.