కోర్సు ఫీజు కట్టే ముందు

చిరంజీవి అమ్మడికి,

పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ, దానితో పాటు ఆ రచనా కోర్సు కరపత్రం అందాయి. కథ మూడుసార్లు చదివాను. కరపత్రానికి ఒక్కసారి సరిపోయింది. ఎనిమిది వారాల్లో రచయితను చేస్తారట! మీ నాన్నమ్మకు అప్పడాల పిండి కుదరడానికే రెండు ఎండాకాలాలు పట్టాయని నీ కథలో నువ్వే రాశావు. ఫీజు చూస్తే నీ రెండు నెలల జీతం. చేరమంటారా, వద్దంటారా అని అడిగావు. ఒక్క మాటలో చెప్పలేక ఇంత కాగితం తీశాను.

వద్దనను. కథ రాయడం ఒకరు నేర్పితే వచ్చేది కాదని మన సభల్లో గొప్పగా చెబుతుంటారు. సంగీతానికి గురువు కావాలి, వడ్రంగానికి గురువు కావాలి, కథ మాత్రం పుట్టుకతో రావాలట. అలా చెప్పేవాళ్లలో చాలామంది తమ మొదటి కథను అచ్చుకు ముందు దిద్దిన సంపాదకుణ్ణి మర్చిపోయినవాళ్లే. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం రచనా శిక్షణ మొదలుపెట్టింది 1936లో, అంటే మన పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన సంవత్సరంలోనే. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో మొదలుపెట్టింది. అక్కడ చదివినవాళ్లలో ఒకరికి 2017లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఇంతకీ ఆ తరగతుల్లో జరిగేది చాలా మామూలు పని. ఒకరి కథ ముందుగా అందరికీ పంచుతారు. చదివి వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని, దాని గురించి మాట్లాడుకుంటారు. అంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు.

ఆ పద్ధతి ఒకటుందని తెలియకుండానే మేము దాన్ని పాతపట్నంలో పాటించాం. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్ర. నెలకో ఆదివారం ఐదుగురం ఒక మిత్రుడి అరుగు మీద చేరేవాళ్లం. ఒకసారి నా కథ వంతు వచ్చింది. అందులో నాయకుడు పొద్దున్నే ఇక్కడ పర్లాకిమిడిలో చిన్న రైలెక్కుతాడు, అరగంటలో నౌపడాలో దిగుతాడు, ఈలోగా పెళ్లి విషయంలో మనసు మార్చుకుంటాడు. మాలో ఒకాయన రైల్వే ఉద్యోగి. కథలోని విషాదం గురించి ఒక్క ముక్క అనకుండా, "మాస్టారూ, నలభై కిలోమీటర్లు అరగంటలోనా? మన చిన్న రైలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనేదో సర్దిచెప్పబోతే నోరు మూయించారు. కోపంగానే ఇంటికొచ్చాను. రాత్రి పడుకున్నాక అర్థమైంది. నా కథంతా ఆ నత్తనడకలోనే ఉంది. మనిషి మనసు మారాలంటే కిటికీ పక్కన అన్ని గంటలు కూర్చోవాలి, ప్రతి స్టేషనులోనూ దిగి వెనక్కి పోదామా అనుకోవాలి. నేను ప్రయాణాన్ని అరగంటకు కుదించి, మనసు మారడాన్ని ఒక పేరా ఉపన్యాసంగా రాసి పడేశాను.

అంతకు ముందు ఒక పెద్ద ఊళ్లో మూడు రోజుల కథా శిబిరానికి డబ్బు కట్టి మరీ వెళ్లాను. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. రెండో రోజు కథానిక పుట్టుపూర్వోత్తరాలు. మూడో రోజు సర్టిఫికెట్లు. సంచిలో పట్టుకెళ్లిన కథ సంచిలోనే తిరిగొచ్చింది. భోజనాలు మాత్రం బాగున్నాయి.

అందుకని డబ్బు కట్టే ముందు వాళ్లకు ఫోను చేయి. తరగతికి ఎంతమంది అని అడుగు. పది పన్నెండు మందికి మించితే నీ కథ వంతు వచ్చేసరికి కోర్సు అయిపోతుంది. పాఠం చెప్పేవారే నీ కథ చదివి, పెన్సిలుతో దిద్ది వెనక్కి ఇస్తారా, లేక వీడియోలు చూసుకోమంటారా? ఎన్ని కథలు దిద్దుతారు? గడువు తేదీలు ఉంటాయా? ఈ చివరిది చిన్న విషయం అనుకోకు. నా కథల్లో సగం ఆదివారం దగ్గరపడుతోందన్న భయంతో పూర్తయినవే. పాఠం చెప్పేవారి కథలు నాలుగు సంపాదించి చదువు. నచ్చకపోతే వాళ్ల దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు. దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయం వారి డిప్లొమా సంగతి కూడా అడిగావు. అది ఇంగ్లీషులో రాసేవాళ్లకు. నీ కథ తెలుగు కథ.

కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో "పుస్తక ప్రచురణ, ఐఎస్‌బీఎన్‌తో సహా" అని అదనపు రుసుము వేశారు, చూశావా? ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. ఉచితంగా వచ్చేదానికి డబ్బు అడిగేవాళ్లు మిగతా లెక్కలు ఎలా వేశారో నువ్వే ఊహించుకో. సంకలనంలో కథ వేస్తామని సంతకం అడిగితే, సర్వహక్కులూ వాళ్లకే అని ఉందేమో చదివి చూడు. రాసిన క్షణం నుంచే కథ మీద హక్కు నీది, అందుకు రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

ఇక భాష. మీ నాన్నమ్మ అప్పడాల వ్యాపారితో బేరమాడే చోట "ఎకొ, దుయి, తిని" అని ఒడియాలో లెక్కపెట్టి, లెక్క తప్పగానే తెలుగులో తిట్టిందని రాశావు. ఎక్కడో నగరంలో కూర్చున్న గురువుగారు దాని చుట్టూ సున్నా చుట్టి "భాష సరిచూసుకోండి" అంటారు. సరిచూడకు. కథనం నీ ఇష్టం, పత్రికల తెలుగులో రాసుకో. మాటలు మాత్రం ఆవిడ మాట్లాడినట్టే ఉండాలి. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి, సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పండితులతో పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఏటా ఆగస్టు 29న దండలు వేస్తారు. మర్నాడు మన మాటల మీద ఎర్రసిరా పోస్తారు.

చేరేలోపు ఒకసారి శ్రీకాకుళం రా. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం చూపిస్తాను. మొత్తం కథల కోసమే కట్టిన గ్రంథాలయం. నీకన్నా ముందు ఈ ప్రాంతం గురించి ఎవరు ఏమి రాశారో ఒక రోజంతా కూర్చుని చదువు.

ఇప్పుడు నీ కథ. మొదటి రెండు పేజీలు కొట్టేశాను. ఉదయభానుడు, మంచుతెరలు, పక్షుల కిలకిలలు, ఇవన్నీ పెన్ను వేడెక్కడానికి రాసుకున్నవి. "ఆమె హృదయంలో వేదన ఉప్పొంగింది" అన్నది మూడు చోట్ల ఉంది, మూడూ తీసేశాను. ఎందుకంటే ఆరో పేజీలో నువ్వే రాసిన వాక్యం ఒకటుంది: "ఇల్లు అమ్మిన కాగితం మీద నాన్నమ్మ వేలిముద్ర వేసి, ఆ వేలిని కొంగుకి కాక గోడకి తుడిచింది." దీని తర్వాత వేదన గురించి ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. దీన్ని ముందుకు జరుపు. ఎక్కడికో నేను చెప్పను, కోర్సులో చేరితే నీ తోటివాళ్లు తలో చోటూ చూపిస్తారు. వాళ్లు పోట్లాడుకుంటుంటే నోరు మూసుకుని విను.

ఆ రోజు స్టాంపు ప్యాడు పట్టుకుని మా అమ్మ పక్కన నిలబడింది నేనే. కాగితాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకుంటున్నాను. గోడ నేను చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఐదేళ్ల పిల్ల చూసింది.

సిరా నీలం అని రాశావు. నీలం కాదు, ఊదా. అది మార్చు.

ఇట్లు,
పెదనాన్న