మాట ఇచ్చేది కోడలు, కాదనేది మామగారు

ప్రశ్న: బెంగళూరు చిక్కపేటలో మా అత్తింటివారికి పట్టుచీరల కొట్టు ఉంది. సొంతూరు ధర్మవరం. పెళ్లయినప్పటి నుంచి కౌంటర్ నేనే చూస్తున్నాను. పెళ్లివాళ్లు నన్ను అడిగి మరీ వస్తారు. మొన్న ఒకావిడ చీరకు మొదటిసారి కట్టినప్పుడే జరీ లేచిపోయింది. మార్చి ఇస్తానన్నాను. మామగారు ఆవిడ ఎదుటే ‘మా సరుకు అలాంటిది కాదు’ అని పంపేశారు. మా వారు బిల్లు పుస్తకంలోంచి తలెత్తలేదు. ఇక కొట్టుకు వెళ్లబుద్ధి కావడం లేదు.

జవాబు: అమ్మా, ఆవిడ మిమ్మల్ని నమ్మి వచ్చింది, మామగారి మాట విని వెళ్లింది. మళ్లీ వస్తుందా? ఈ నష్టం మీ ఒక్కరిదే కాదు, కొట్టుది కూడా. ఇంట్లో మాట్లాడేటప్పుడు మీ అవమానంతో మొదలుపెట్టకండి, ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

మామగారి భయాన్ని కొట్టిపారేయకండి. పెళ్లిలో కట్టేసి, మర్నాడు మడత పెట్టి తెచ్చేవాళ్లను ఆయన చాలామందిని చూసి ఉంటారు. అది వేరు, నేతలో లోపం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. గడువు రాయకపోతే 30 రోజులు. కాదంటే అది అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. అంటే ఇది కోడలి పంతం కాదు. రాత్రి లెక్కలు కట్టాక ఆయనకు నిదానంగా చెప్పండి. ఫలానా ధర వరకు మార్పిడి మీ ఇష్టం, అది దాటితే ఆయన్ను అడుగుతారు, కస్టమర్ ఎదుట మాత్రం ఎవరూ ఎవరి మాటా కాదనకూడదు. వెనక్కి వచ్చిన చీర ఏ మగ్గానిదో రాసి పెట్టుకోండి. ఒకే నేతగాడి పేరు రెండోసారి కనబడితే, మీరు వాదించే పనే ఉండదు.

ఇక కొట్టులో మీ హక్కు గురించి, కాగితాల సంగతి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. కర్ణాటక 1994లోనే, మన ఆంధ్ర 1986లోనే అలాంటి సవరణలు చేశాయి. ఇవన్నీ కూతుళ్ల కోసం. కోడలిగా మీకు వాటివల్ల ఏమీ రాదు, మీ ఆడపడుచుకు వస్తుంది! ఎన్నేళ్లు కౌంటర్‌లో కూర్చున్నా అంతే. కొట్టు భాగస్వామ్య సంస్థ అయితే మిమ్మల్ని చేర్చుకోవడానికి మామూలుగా భాగస్వాములందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా జీతం సంగతి ఒప్పందంలో రాయించుకోవాలి, లేకపోతే లాభంలో వాటాయే తప్ప జీతం అడగలేరు. వాటాకు ఇప్పుడే ఒప్పుకోరంటే ముందు నెలజీతం అడగండి, మీ పేరున ఉన్న ఖాతాలో పడేలా.

నాకు అసలు గుచ్చుకున్నది మీ వారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. తండ్రి ఎదుట నోరు మెదపని కొడుకులు వ్యాపార కుటుంబాల్లో చాలామంది ఉంటారు. ఆయనకు మీ మీద ప్రేమ లేదని అనుకోకండి, అలవాటు లేదు అంతే. అయినా ఆ మౌనం ఖర్చు మీరు భరిస్తున్నారు. మామగారి దగ్గరికి వెళ్లకముందే మీ వారితో విడిగా కూర్చోండి. ‘ఆ రోజు నా మాట తప్పనిపించిందా?’ అని సూటిగా అడగండి. తప్పు కాదంటే, లెక్కల వేళ మీ పక్కన కూర్చుని ఆ మాట ఆయనే అనాలి. అంతమాత్రం కూడా చేయనంటే, అప్పుడు మానేయడం గురించి మాట్లాడుకుందాం.