ట్యాంకు మడ్డిలోంచి డీజిల్ వస్తుందా?

ప్రశ్న: నాకు సెప్టిక్ ట్యాంకులు క్లీన్ చేసే బండి ఉందండి, 4,000 లీటర్లది. మురుగు మడ్డిలోంచి బయోడీజిల్ తీస్తున్నారని మా అబ్బాయి వీడియో చూపించాడు. ఎక్కడ పారబోసినా ఊళ్లో వాళ్లతో గొడవే, పోనీ అదేదో మనమే చేసి బండికి పోసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వీడియోలో చెప్పింది అబద్ధం కాదండి. మురుగులో వంటనూనె, కొవ్వు ఉంటాయి, వాటికి మిథనాల్ అనే ఒకరకం ఆల్కహాలు, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి వేడి చేస్తే బయోడీజిలే. మంచి నూనెకైతే కాస్టిక్ సోడా సరిపోద్ది గానీ మురుగు కొవ్వులో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు, అంటే కొవ్వు చెడి విడిపోయిన ఆమ్లాలు ఎక్కువ, సోడా వేస్తే సబ్బైపోద్ది, అందుకని యాసిడ్. సిటీల్లో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లలో మొట్టమొదట అడుక్కి దిగే తాజా మడ్డిని బాగా ఎండబెట్టి ల్యాబుల్లో చేస్తే ఎండు బరువులో 10 శాతం పైచిలుకు వచ్చింది.

మీ బండి లెక్కకొద్దాం. 4,000 లీటర్లలో గట్టి సరుకు ఓ 100 కిలోలు ఉందనుకోండి, మిగతాదంతా నీళ్లే. 10 శాతం చొప్పున వచ్చినా చేతికొచ్చేది 10 కిలోలు, మరి ఆ నీళ్లని మరిగించి ఎగరగొట్టాలంటే? లీటరు డీజిల్ కాలిస్తే మహా అయితే 14 లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి, అంటే 270 లీటర్ల పైనే కాల్చాలి! పోనీ ఎండలో పెడదామంటే మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు, పైనుంచి వానలు. పైగా మీరు తోడేది ఏళ్ల తరబడి ట్యాంకులో మాగిన మడ్డి, అందులో కొవ్వు చాలావరకు సూక్ష్మజీవులు ఎప్పుడో తినేసుంటాయి. మిథనాల్‌తో ఇంటి దగ్గర ప్రయోగాలు మాత్రం అస్సలు వద్దండి, ఆవిరికే అంటుకుంటది, ఒంట్లోకి పోతే కళ్లు పోతాయి.

డీజిల్ మీద నిజంగా మనసుంటే హోటళ్లలో బజ్జీల మూకుడులో మిగిలే నూనె చూడండి. అందులో నీళ్ల బాధ లేదు, వాడేసిన నూనెని బయోడీజిల్‌కి మళ్లించాలని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే రూకో అని కార్యక్రమం పెట్టింది, బయోడీజిల్ ప్లాంట్లు మన కాకినాడలోనే ఉన్నాయి. ఆ నూనె తూములోకి పోకపోతే మీరు తోడే ట్యాంకుల్లో గడ్డకట్టే జిడ్డూ తగ్గుద్ది.

మడ్డి సంగతంటారా, నర్సాపురంలో సెప్టిక్ మడ్డి శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు, మీకు దగ్గరే, బయటి బళ్లని తీసుకుంటారేమో అక్కడి మునిసిపాలిటీలో అడగండి. డీజిల్ ఖర్చు కాస్త పెరిగినా ఫర్వాలేదు, చీకటి పడ్డాక కాలవలో మాత్రం వదలకండి, ఎండాకాలం కాలవలకి నీళ్లు ఆపేసే ముందు మన ఊళ్లన్నీ మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీళ్లతోనే కదండీ.